మట్టి కింద పాతర: అడవి గడ్డలు ఎప్పుడు నిండుతాయి, ఎప్పుడు ఖాళీ అవుతాయి



ఈసారి వీడియో పొలంలో కాకుండా అడవి అంచున తీశాం. పాలగుండ, అడవి కంద, తునికి పొద, వెదురు పొద, ఈ నాలుగింటినీ వరసగా చూపించాం. ప్రకృతి వ్యవసాయం చేసుకునేవాళ్లకి అడవి పొదలతో పనేంటని మీకు అనిపించొచ్చు. పని చాలా ఉంది. పాలగుండ ఎప్పుడు తవ్వాలి, పసుపు ఆకు ఎప్పుడు కోయాలి, తుంగ ఎన్నిసార్లు పీకినా మళ్లీ ఎందుకొస్తుంది అని మాకు తరచూ ఫోన్లు వస్తుంటాయి. మూడూ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ జవాబు ఒకటే. మట్టి కింద మొక్క దాచుకున్న తిండి ఏ నెలలో ఎంత ఉంటుందో తెలిస్తే మూడింటికీ జవాబు దొరికినట్టే.

మన పెద్దవాళ్లు జొన్నలు, ధాన్యం పాతరలో పోసేవాళ్లు. గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో మూసేవాళ్లు. కరువొస్తే పాతర తీసేవాళ్లు. అడవి మొక్కలు కూడా అదే పని చేస్తున్నాయి. వాటి పాతర ఎలా నిండుతుందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో ఈ వ్యాసంలో చూద్దాం. వీడియోలో టైము చాలక చెప్పలేకపోయిన సంగతులు కూడా ఇక్కడ రాస్తున్నాను.

వేరా, కాండమా?

మట్టి కింద ఉన్నదంతా వేరే అనుకుంటాం. అది నిజం కాదు. పసుపు కొమ్ము చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద చుట్టూ గీతలు ఉంటాయి. అవి కణుపులు. గీతల దగ్గర ఎండిన పొలుసుల్లాంటివి ఉంటాయి, అవి ఆకులు. పొలుసు పక్కన చిన్న బుడిపె ఉంటుంది, అది మొగ్గ. మనం దాన్నే కన్ను అంటాం. కణుపు, ఆకు, మొగ్గ మూడూ ఉన్నాయంటే అది కాండమే. భూమి మీద నిలబడాల్సిన కాండం పడుకుని మట్టిలోకి వెళ్లిందంతే. అల్లం, పసుపు, పాలగుండ, వెదురు, తుంగ, గరిక అన్నీ ఈ జాతివే. కంద, చేమ కూడా కాండాలే. కాకపోతే అవి పొట్టిగా, గుండ్రంగా ఉబ్బిన కాండాలు. బంగాళదుంప కూడా కాండమే. దాని గుంటల్లో ఉండేవి కళ్లే.

ఇప్పుడు కర్రపెండలం చూడండి. మన గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యానికి వేసే పంట. దాని దుంప నిండా పిండి ఉంటుంది గానీ కన్ను ఉండదు. అది వేరు. అందుకే కర్రపెండలం రైతు దుంప నాటడు, కర్ర ముక్క నాటుతాడు. పసుపు రైతు మాత్రం దుంపే నాటుతాడు. ఇది తాతలనాటి నుంచి అందరికీ తెలిసిన పనే. దాని వెనక ఉన్న కారణం ఇదీ.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కాండం అయితే ప్రతి ముక్కకీ మళ్లీ మొక్క అయ్యే శక్తి ఉంటుంది, కన్ను ఉంటే చాలు. పంట విషయంలో ఇది మనకి వరం. కలుపు విషయంలో ఇదే మన తలనొప్పి.

పాతరలో ఏముంటుంది?

ఆకు ఎండలో చక్కెర తయారుచేస్తుంది. ఆ చక్కెర కాడలోని సన్నని గొట్టాల గుండా కిందికి దిగుతుంది. గడ్డలోకి చేరాక పిండి రేణువులుగా మారుతుంది. చక్కెరగానే ఉంచుకోవచ్చు గదా అంటే, చక్కెర నీళ్లలో కరుగుతుంది. ఎక్కువ పోగైతే కణంలోకి నీళ్లు లాగేస్తుంది. పిండి కరగదు. తక్కువ చోటులో ఎక్కువ సర్దుకోవచ్చు, నెలల తరబడి కదలకుండా ఉంటుంది. మొలక వచ్చే టైముకి గడ్డలోని ఎంజైములు ఆ పిండిని మళ్లీ చక్కెరగా మార్చి మొగ్గకి పంపుతాయి.

దాచేది పిండి ఒక్కటే కాదు. ఆకు పండిపోయేటప్పుడు అందులోని నత్రజని, భాస్వరం చాలావరకు వెనక్కి లాక్కుని మొక్క కింద భద్రం చేసుకుంటుంది. ఆకు పసుపు రంగులోకి తిరగడమంటే మొక్క చచ్చిపోతోందని కాదు. ఇల్లు ఖాళీ చేసి సామాను కిందికి దించుకుంటోందని అర్థం. పచ్చగా ఉండగానే ఆకు కోసేస్తే ఆ సామాను మనం మధ్యలో ఎత్తుకుపోయినట్టే.

మట్టి కిందే దాచడానికి ఇంకో కారణం ఉంది. మన తూర్పు కనుమల్లో, నల్లమలలో మాఘం దాటాక అడవి ఎండిపోతుంది, నిప్పు పడుతుంది. మట్టి వేడిని కిందికి పోనివ్వదు. పైన మంట పరుగెడుతున్నా నాలుగు వేళ్ల లోతులో ఉన్న మొగ్గ బతికే ఉంటుంది. పైనున్నదంతా బూడిదైనా మొక్కకి నష్టం ఒక ఏడాది ఆకే. మన్ను తవ్వి గడ్డ తీసేస్తే మాత్రం పాతరే పోతుంది.

ఏడాది లెక్క, కార్తెల ప్రకారం

ఇది మన దగ్గర నైరుతి వానల మీద నడిచే మొక్కల లెక్క. ఊరిని బట్టి, ఏడాది వానని బట్టి పది పదిహేను రోజులు అటూ ఇటూ అవుతుంది.

రోహిణి, మృగశిర: మొదటి జల్లులు పడతాయి, కన్ను మేలుకుంటుంది. మొలకకి కావాల్సిన తిండి అంతా పాతరలోంచే. ఇంకా ఆకు లేదు గనక ఆదాయం సున్నా, అంతా ఖర్చే.

ఆరుద్ర, పునర్వసు, పుష్యమి: ఆకులు విచ్చుకుంటాయి. బయటి నుంచి చూస్తే మొక్క ఏపుగా ఉంటుంది. కానీ లోపల పాతర అడుగంటే రోజులు ఇవే. రైతు ఇంట్లో ఆషాఢం ఎలా ఉంటుందో మొక్కకీ అలాగే. పైన పచ్చగా, లోపల ఖాళీగా ఉంటుంది. ఆకు తన ఖర్చు తాను పెట్టుకుని, మిగిలింది కిందికి పంపేదాకా ఇదే పరిస్థితి.

మఖ నుంచి హస్త దాకా: పాతర నిండడం మొదలవుతుంది. కొత్త గడ్డ ఊరుతుంది. ఈ రోజుల్లో ఆకుకి తగిలే ప్రతి ఎండ రోజూ గడ్డలో పిండిగా కనిపిస్తుంది.

చిత్త, స్వాతి, విశాఖ: వానలు వెనక్కి తగ్గుతాయి. ఆకు పండుతుంది. సామాను దించుకునే రోజులు. గడ్డ సైజు పెద్దగా పెరగకపోయినా గట్టిపడుతుంది, నీరు తగ్గి పిండి శాతం పెరుగుతుంది.

పుష్యం, మాఘం: ఆకు పూర్తిగా ఎండి నేలకి అంటుకుంటుంది. పాతర నిండుగా ఉంటుంది, కన్ను నిద్రలో ఉంటుంది. తవ్వడానికి ఇదే అదను.

ఫాల్గుణం నుంచి వైశాఖం: గడ్డ నిద్రపోతున్నా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఊపిరికి కొంచెం కొంచెం పిండి ఖర్చవుతుంది. వేడి పెరిగే కొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. విత్తన పసుపు చెట్టు నీడన గుంటలో పెట్టి పసుపు ఆకుతో కప్పి దాచమని పెద్దలు చెప్పింది ఇందుకే.

అడవిలో నాలుగు సాక్ష్యాలు

మొదటిది తునికి. వదిలేస్తే ఇది చెట్టే. బీడీ ఆకు కోసం ప్రతి ఏడూ నరుకుతారు గనక పొదగా ఉండిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలు నేల మట్టానికి కొడతారు. సుమారు నెలన్నరకి, ఏప్రిల్, మే నెలల మండుటెండల్లో, చుక్క వాన లేకుండా మెత్తని పెద్ద ఆకులు వస్తాయి. కూలీలు తెల్లారుజామునే వెళ్లి కోసి, యాభై ఆకులకి ఒక కట్ట కట్టి కల్లంలో అప్పజెప్తారు. వాన లేదు, నిన్నటి దాకా ఆకు లేదు. మరి ఆ ఆకు ఎక్కడిది? మొదలు దగ్గర, వేళ్లలో నిరుడు వానాకాలం దాచుకున్నదే. తునికిలో దాచుకునేది కాండం కంటే వేరే ఎక్కువ. మొదలు నుంచీ వేళ్ల మీద నుంచీ కూడా పిలకలొస్తాయి. పాతర లెక్క మాత్రం మారదు. ఆకు కోత మేతో ఆగిపోతుంది. జూన్ నుంచి వచ్చే ఆకుని ఎవరూ ముట్టుకోరు. ఆ ఆకే పాతర మళ్లీ నింపుతుంది. పొద ఏళ్ల తరబడి ఆకు ఇవ్వగలుగుతోందంటే ఈ విరామమే కారణం. పొలం గట్ల మీద గిరిపుష్పం, కానుగ కొట్టుకునే మనం కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. కొట్టిన తర్వాత చిగురు ముదిరి, పాతర నింపుకునే టైము ఇవ్వకుండా మళ్లీ మళ్లీ కొడితే రెండు మూడేళ్లలో మొదలు నీరసిస్తుంది.

రెండోది అడవి కంద. తొలకరికి ముందే ఆకు లేకుండా నేలలోంచి పువ్వు లేస్తుంది. కుళ్లిన మాంసం వాసనతో ఈగల్ని పిలుస్తుంది. ఆ తర్వాత ఒకే ఒక్క ఆకు, గొడుగులాగా. ఆ ఒక్క ఆకే ఏడాది సంపాదన అంతా చేయాలి. ఇక్కడ విశేషం ఏంటంటే, పాత కంద మిగలదు. దానిలోని పిండంతా ఆకు కట్టడానికి ఖర్చయి, ముడతలు పడి తొక్కలాగా అయిపోతుంది. దాని నెత్తి మీద కొత్త కంద ఊరుతుంది. ఏటా పాతర పూర్తిగా ఖాళీ చేసి కొత్త పాతర కట్టే మొక్క ఇది. మధ్యలో ఆ ఒక్క ఆకు కాడ విరిగితే కొత్త కంద నిరుటి దానికంటే చిన్నదవుతుంది.

మూడోది వెదురు. వానాకాలంలో వెదురు కొమ్ము నేలలోంచి పైకి లేచి, కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తుకి పోతుంది. అప్పటికి దానికి ఆకులే ఉండవు. దాన్ని పోషించేది కింద ఉన్న దుంప, పక్కనున్న పాత బొంగులు. అందుకే వెదురు నరికేవాళ్లకి పాత కట్టుబాట్లు ఉన్నాయి. ఏడాది నిండని బొంగు కొట్టకూడదు, వానల్లో కొట్టకూడదు, పొద మొత్తం ఊడ్చేయకూడదు. ఇంకో సంగతి. బొంగుని తొలిచి పొడి రాల్చే పురుగు వచ్చేది ఆ బొంగులోని పిండి కోసమే. పిండి తక్కువున్న రోజుల్లో కొట్టిన బొంగు పందిరికి వాడినా ఎక్కువ కాలం ఉంటుంది. కొత్త కొమ్ములు ఎదగడానికి పిండి ఖర్చయిపోయాక, అంటే వానలు వెళ్లిన తర్వాత కొట్టడం రెండు విధాలా లాభం.

నాలుగోది పాలగుండ. పసుపుకి చుట్టం. ఎండాకాలం చివర్లో ఆకు లేకుండానే నేల మీద గులాబీ రంగు పూల గుత్తి కనిపిస్తుంది. వానలకి ఆకులు వస్తాయి, కార్తీకానికి పండుతాయి, తర్వాత ఆనవాలు కూడా ఉండదు. గడ్డలు తురిమి, నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, తేరనిస్తే అడుగున తెల్లని పిండి దిగుతుంది. చేదు, రంగు పోయేదాకా నీళ్లు మార్చి ఎండబెడితే పాలగుండ పొడి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరులో దీన్నే తీఖుర్ అంటారు. బజారులో అరారూట్ పేరుతో అమ్మే ఇంకో మొక్క ఉంది. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది, వేరే జాతి. పేరు ఒకటే అని కంగారు పడొద్దు.

మనుషులకి కూడా ఇదే పాతర

మొక్క కరువు కోసం దాచుకున్నది మనుషుల కరువుకి కూడా పనికొచ్చింది. సామర్లకోటలో తోట పెట్టి మన తీరంలోని మొక్కల్ని రాసిపెట్టిన విలియం రాక్స్‌బర్గ్, 1795 నుంచి అచ్చయిన తన కోరమండల్ మొక్కల పుస్తకంలో చిట్టీత గురించి రాశాడు. ఇది మోకాలెత్తు కాండం ఉండే పొద. కోరంగి దగ్గర సముద్రం పక్కన పొడి నేలల్లో ఉండేది. 1790ల మొదట్లో బియ్యం దొరకని కరువు రోజుల్లో, ఆ కాండం మధ్యలో ఉన్న పిండిని దంచి గంజి కాచుకుని జనం ప్రాణాలు నిలుపుకున్నారని ఆయన నమోదు చేశాడు.

అయితే చిట్టీతకీ పాలగుండకీ ఒక తేడా ఉంది. ఈత జాతి కాండానికి మొగ్గ నెత్తిన ఉంటుంది. పిండి కోసం ఆ కాండం నరికితే దాని కథ అయిపోయినట్టే. పాలగుండ అలా కాదు. తవ్వినవాడు కన్నున్న ముక్క ఒకటి అదే గుంటలో వేసి మట్టి కప్పితే, మళ్లీ వానకి అది మొక్క. అంటే పాలగుండ అడవిలో మిగులుతుందా లేదా అన్నది తవ్వే మనిషి చేతిలో ఉంది.

తొందర తవ్వకం ఎందుకు జరుగుతోంది?

మా చిన్న యూనిట్‌లో పసుపు, పాలగుండ పొడి ప్యాక్ చేస్తాం గనక ఈ వ్యాపారం దగ్గర నుంచి చూస్తున్నాను. అడవి గడ్డలు తవ్వేవాళ్లకి ఆకు ఎండేదాకా ఆగాలని తెలియదా? మనకంటే బాగా తెలుసు. అయినా దసరా దాటగానే ఆకు పచ్చగా ఉండగానే గడ్డలు సంతకి వస్తున్నాయి.

దీనికి కారణం కొనే పద్ధతిలో ఉంది. పచ్చి గడ్డని కిలోల లెక్కన కొంటారు. అక్టోబరు గడ్డలో నీరు ఎక్కువ, పిండి తక్కువ. జనవరి గడ్డలో పిండి ఎక్కువ. తూకం మాత్రం రెండింటికీ ఒకటే రేటు చెప్తుంది. అంటే ఆగినవాడికి ఒక్క రూపాయి లాభం లేదు. పైగా ఆకు ఎండిపోతే గడ్డ ఎక్కడుందో వెతకడం కష్టం, ఈలోగా పక్కవాడు తవ్వేస్తాడన్న భయం. ముందే అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి తొందర ఇంకోపక్క. ఇన్ని ఒత్తిళ్ల మధ్య ఆగమని చెప్పడం తేలికే, ఆగడం కష్టం.

నష్టం మాత్రం మూడు రకాలుగా ఉంటుంది. తవ్వినవాళ్లు ఎక్కువ గడ్డ తురిమినా తక్కువ పొడి వస్తుంది. కొన్నవాళ్లకి నీళ్ల బరువుకి డబ్బు పోతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం అడవిది. సగం నిండిన పాతరలోంచి గుంటలో వదిలిన ముక్క కూడా నీరసంగానే ఉంటుంది. వచ్చే ఏడు అది సన్నగా మొలిచి, చిన్న ఆకు వేసి, ఇంకా చిన్న గడ్డ కడుతుంది. ఇలా వరసగా కొన్నేళ్లు జరిగితే ఆ గుంట దగ్గర పాలగుండ ఉండదు.

అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు అడవిలో ఉండే గిరిజనులది, తరతరాలుగా అడవి మీద బతికేవాళ్లది. వెదురు, తునికాకు, దుంపలు, గడ్డలు అన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి మైదానం నుంచి పార పట్టుకుని అడవికి వెళ్లి తవ్వే పని మనది కాదు. మనం చేయగలిగింది రెండు. ఒకటి, కొనే పద్ధతి మార్చడం. సంక్రాంతి తర్వాత తవ్విన గడ్డే కొంటామని ముందే చెప్పడం, గడ్డ బరువుకి కాకుండా దిగే పిండికి రేటు కట్టడం, లేదంటే ఊళ్లోనే తీసిన పొడి కొనడం. పొడి ఊళ్లో తీస్తే ఆ కూలి, ఆ లాభం అక్కడి అక్కచెల్లెళ్లకే దక్కుతుంది. రెండోది, మన తోటల్లో వేసుకోవడం. జీడిమామిడి, మామిడి తోటల్లో చెట్ల మధ్య పల్చటి నీడలో పాలగుండ వస్తుంది. అడవిలో అది బతికేది అలాంటి నీడలోనే. కన్నున్న ముక్కలు బీజామృతంలో ముంచి, నీడన ఆరబెట్టి, మృగశిర నాటికి వేసి, పైన ఎండుటాకు ఆచ్ఛాదన పరచాలి. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది గనక చిన్న బోదెల మీద వేయడం మేలు.

పసుపు, కంద పొలంలో ఇదే లెక్క

పచ్చి పసుపు 100 కిలోలు ఉడకబెట్టి ఎండబెడితే రకాన్ని బట్టి సుమారు 15 నుంచి 25 కిలోల ఎండు పసుపు వస్తుంది. అదే రకం, అదే పొలంలో కూడా పక్వానికి రాని పసుపు ఈ లెక్కలో కిందికి జారుతుంది. ఆకు మొత్తం పండి, ఎండి వాలేదాకా ఆగడమంటే ఖర్చు లేకుండా దిగుబడి పెంచుకోవడమే. చివరి నెలలో ఆకు పచ్చగా ఉంది గదా అని పశువుల్ని తోలడం, ఆకు నూనె కోసం ముందే కోసేయడం చేయకండి. ఆకు పండాక కోసుకోండి. ఆ ఎండాకు మళ్లీ పొలానికే ఆచ్ఛాదన.

విత్తనానికి పెట్టే పసుపు ఇంకా ముఖ్యం. రోహిణి, మృగశిరలో మొలక బతికేది మన జీవామృతం మీద కాదు, విత్తనం లోపలి పిండి మీద. నిండు కొమ్ము వేస్తే మొలక బలంగా లేస్తుంది, ఆకు తొందరగా విచ్చుకుంటుంది, కలుపుని నీడతో నొక్కేస్తుంది. ముడతలు పడ్డ కొమ్ము వేసి తర్వాత ఎన్ని ద్రావణాలు పోసినా ఆ మొదటి నెల వెనకబాటు తీరదు. కందలో కూడా అంతే. ముక్క కోసేటప్పుడు నడిమి కన్నులో కొంత భాగం ప్రతి ముక్కకీ వచ్చేలా కోయండి. కన్ను లేని ముక్క మొలవడానికి ఆలస్యం చేస్తుంది. కాడ పూర్తిగా పండి దానంతట అదే పడిపోయాక తవ్వండి.

కలుపు పాతర ఖాళీ చేయడం

ఇప్పటిదాకా పాతర ఎలా నింపాలో చూశాం. కలుపు దగ్గర లెక్క తిరగేయాలి.

తుంగ మట్టి కింద గొలుసులా ఉంటుంది. సన్నని కాండం, దానికో గడ్డ, మళ్లీ కాండం, మళ్లీ గడ్డ. గొలుసు చివరి మొగ్గ మిగతా మొగ్గల్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. మనం ఒక్కసారి దున్ని గొలుసు తెంపామనుకోండి, నిద్రపోయే గడ్డలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. దున్నాక తుంగ ఎక్కువైందని రైతు అనేది అందుకే. అయితే అలా లేచిన ప్రతి గడ్డా తన పాతర ఖర్చు పెడుతోంది. ఆకు మూడు నాలుగు వేసి, ఇంకా కొత్త గడ్డ కట్టకముందే మళ్లీ కోస్తే ఆ ఖర్చు వృథా. కొత్త గడ్డ కట్టడానికి దానికి ఎంతో కాలం పట్టదు, మొలిచిన కొన్ని వారాల్లోనే మొదలుపెడుతుంది. అందుకని రెండు వారాలకోసారి, తప్పకుండా, వరసగా తీయాలి. నెలకోసారి తీస్తే పాతర నింపుకునే టైము మనమే ఇచ్చినట్టు.

దీనికి ఇంకో రెండు పనులు తోడు కావాలి. వేసవి దుక్కిలో గడ్డలు పైకి తేలి ఎండకి ఎండాలి, తుంగ గడ్డకి ఎండిపోవడం అంటే చావే. గరిక కణుపులకి కూడా ఇదే మందు. దున్నడం ఇష్టం లేని ప్రకృతి వ్యవసాయ రైతులు కనీసం తుంగ, గరిక ముదిరిన మడి వరకైనా ఒక్క వేసవి ఈ పని చేసుకుని, తర్వాత దున్నకుండా కొనసాగించొచ్చు. రెండోది నీడ. తుంగకి నీడ అస్సలు పడదు. జనుము, అలసంద లాంటివి ఒత్తుగా చల్లితే ఆకుకి ఎండ అందదు, పాతరకి ఆదాయం ఉండదు.

లాంటానా కంప గట్ల మీద, అడవి అంచుల్లో నిండిపోయింది. దాన్ని పైన నరికితే పిలకలు పదింతలవుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం దీనికో పద్ధతి తెచ్చింది. కాండం, వేరు కలిసే చోట మొగ్గలు ఉంటాయి. ఆ చోటుకి కొంచెం కింద, నేలకి రెండు వేళ్ల లోతున, తల్లి వేరుని కొట్టి పొదని తలకిందులుగా పడేస్తే మళ్లీ మొలవదు. కిందున్న వేరుకి మొగ్గ లేదు, పైనున్న మొగ్గకి మట్టి లేదు. కాయ పండకముందే చేయాలి, లేకపోతే పిట్టలు గింజలు చల్లుతాయి.

ఇంట్లో చేసుకునే పరీక్ష

వీడియోలో చూపించిన సీసా పరీక్ష ఎవరైనా చేయొచ్చు. మూడు సార్లు చేయండి: ఆగస్టులో ఒకసారి, అక్టోబరు చివర్లో ఒకసారి, జనవరిలో ఒకసారి. ప్రతిసారీ ఒకే తూకం గడ్డ తీసుకోండి, పసుపైనా పాలగుండైనా. కడిగి తురమండి. కొలిచిన నీళ్లలో కలిపి పల్చటి గుడ్డలో వడగట్టి గాజు సీసాలో పోయండి. రాత్రంతా కదపకండి. తెల్లారాక అడుగున దిగిన పిండి ఎంత ఎత్తుందో సీసా మీద గీత గీసి తేదీ రాయండి. ఆ మూడు గీతలే మీ పొలం లెక్క. గడ్డలు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కూడా ఇదే సీసా మధ్యలో పెట్టుకుంటే రేటు మీద వాదన ఉండదు.

అయొడిన్ చుక్క పరీక్ష కూడా ఉంది. గాయాలకి రాసే అయొడిన్ మందు నీళ్లలో పల్చగా కలిపి, కోసిన గడ్డ మీద ఒక చుక్క వేయండి. పిండి ఉన్నచోట నీలం నలుపుగా మారుతుంది. కందలో పాత దుంప ముక్క, కొత్త దుంప ముక్క పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకి కడుతుంది. ఒక్క జాగ్రత్త: అయొడిన్ పిండి ఉందో లేదో చెప్తుంది గానీ అది ఏ పిండో చెప్పదు. మొక్కజొన్న పిండి కలిపిన పాలగుండ కూడా అదే రంగు చూపిస్తుంది. కల్తీ పట్టుకోవడానికి ఇది పనికిరాదు.

చివరిగా, పార పట్టుకునే ముందు ఆకు వైపు ఒకసారి చూడండి. ఆకు నేల కరిచిందంటే పాతర నిండింది, పంటైతే తవ్వుకోండి. ఆకు ఇప్పుడిప్పుడే విచ్చుకుంటోందంటే పాతర ఖాళీగా ఉంది, కలుపైతే అప్పుడే కొట్టండి. తవ్విన ప్రతి గుంటలో కన్నున్న ముక్క ఒకటి వెయ్యండి.

పాలగుండని, అడవి కందని మీ వైపు ఏమని పిలుస్తారో, ఏ నెలలో తవ్వుతారో వీడియో కింద రాయండి. ఈ కార్తెల లెక్క ఉత్తరాంధ్రకి ఒకలా, నల్లమలకి ఒకలా, ఆదిలాబాద్ వైపు ఇంకోలా ఉంటుంది. మీరు చెప్పినవన్నీ కలిపి వచ్చే వానాకాలానికి ముందు ఒక పట్టిక తయారుచేసి పెడదాం.